భూమికి వెలకట్టువారు – వారి రుసుములు

పట్టిసీమ రేవున నిలిచి చూచువారికి గోదావరి నడుమ దేవకూటమను చిన్నకొండయు, దానిపై వీరభద్రస్వామి ఆలయమును కనబడును. శివరాత్రినాడు దానిని చూడనివారు మా సీమలో అరుదు. నేటి నా ప్రసంగము ఆ కొండనుగూర్చి కాదు, దానికి ఎగువను దిగువను నదిలో పడియుండు ఇసుకమేటలను గూర్చి. ఒక వరద వచ్చి మేటవేసిన పదియెకరముల లంక ఏర్పడును. మరియొక వరద వచ్చి కోసివేసిన ఆ పదియెకరములును నీళ్లపాలగును. వేసవిలో పొగాకు పండిన చోట శ్రావణములో పడవ నడచును. ఇట్టి భూమికి వెల యెంత అని యెవరైన అడిగిన ఏమి చెప్పవలయును? ఎవరు చెప్పవలయును? చెప్పినవానికి కూలి యెవరు పెట్టవలయును?

మొదటి రెండు ప్రశ్నలను గూర్చి పెద్దలు పెక్కు గ్రంథములు వ్రాసిరి. మూడవదానిని పట్టించుకొన్నవారు కొలదిమంది. నేను చిన్ననాట మా తాతగారి కరణీకపు లెక్కల నడుమ పెరిగి, పిదప సంస్కృతాంధ్రములు చదివి, బడిపంతులుగా జీవితము గడపినవాడను. ఆ మూడవ ప్రశ్నయే తక్కిన రెండింటికిని తాళపుచెవి యని నాకు తోచినది. భూమికి వెలకట్టువాని కొలతను తెలియవలెనన్న ముందుగా వాని కంచములో అన్నము వడ్డించువా రెవరో తెలియవలెను. మన గోదావరి సీమ చరిత్రనుండియే దీనిని నిరూపింప యత్నింతును.

ప్రాచీనమైన మాటతో ప్రారంభింతము. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను గ్రామోద్యోగి కలడు. అయిదో పదియో గ్రామముల పొలిమేరలు, పొలములు, దానములు, క్రయవిక్రయములు లెక్కలలో నుంచుట వాని పని. వానికి జీతమునకు బదులు భూమినిమ్మని శాస్త్రకారుడు చెప్పెను. చెప్పి యొక నియమము పెట్టెను: ఆ భూమిని వాడు అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. భూముల లెక్క పట్టువాడు భూమిబేరము చేయరాదను విజ్ఞత యిందులో కలదు.

ఇక వెల తేల్చు విధమును అర్థశాస్త్రమే మరియొక చోట చెప్పినది. ఇల్లుగాని పొలముగాని అమ్మదలచినవాడు ఇరుగుపొరుగున నున్న నలువది కుటుంబముల యెదుట, ఊరిపెద్దల సమక్షమున, హద్దులు ఉన్నవున్నట్లు చెప్పి, ఈ వెలకు కొనువారు కలరా యని ముమ్మారు చాటవలెను. ఎవరును ఆక్షేపింపనిచో కొనువానికి చెల్లును. పోటీపడి వెల పెరిగినచో ఆ పెరిగిన సొమ్ము రాజునకు చెందును. ఇందు వెలకట్టువాడని వేరుగా నొకడు లేడు. ఇరుగుపొరుగువారి నోరే మదింపు. కావున వెలకట్టు రుసుమును లేదు.

మన రాజమహేంద్రవరమునకు వత్తము. రాజరాజనరేంద్రుని కాలపువాడని ప్రసిద్ధిగల పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించి సారసంగ్రహ గణితమును రచించెను. పొలముల వైశాల్యమును లెక్కించు క్షేత్రగణితము అట్టి శాస్త్రములో ముఖ్యభాగము. మూలమట్టముగల పొలమునకు లెక్క సులభము. వంకరటింకరగా ఏటియొడ్డున నున్న చెక్కను కొలుచుటకే విద్య కావలయును. అయినను నాటి పల్లెలలో భూమిని చదరముగా కొలుచుటకన్న అందు పట్టు విత్తనమునుబట్టి చెప్పుటయే వాడుక. పుట్టెడు విత్తనముల భూమి, తూమెడు విత్తనముల మడి, కుంచెడు చెక్క అనెడివారు. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఈ కొలతలో వైశాల్యముతోపాటు నేల గుణమును ఇమిడియుండెను. గింజయే గొలుసు, గింజయే ధర.

గింజతో కొలిచిన భూమికి గింజతోనే కూలి. కళ్లములో రాశి పోసిన పిమ్మట రైతు ఇంటికి గింజ చేరకముందే కరణమునకు, కాపలావానికి, వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి వారి వారి మేరలు కొలిచి యిచ్చుట మన పల్లెల ఆచారము. కరణమునకు దీనికితోడు మాన్యము కూడ నుండెడిది. ఇందులోని గుణమును దోషమును రెండును చూడదగినవి. పంట పెరిగిన కరణపు మేరయు పెరుగును, తగ్గిన తగ్గును. కావున ఊరు బాగుపడుట వానికిని లాభమే. దోష మేమన, ఆ పదవికి అర్హత పుట్టుక. తండ్రి చనిపోయిన కొడుకు కూర్చుండును. పరీక్ష లేదు, అనుజ్ఞాపత్రము లేదు, దానికి రుసుము లేదు. మన సామెతలలోను శతకములలోను చాటువులలోను కరణముపై పడినన్ని అక్షింతలు మరియే ఉద్యోగిపైనను పడలేదు. ఆ వంశమువాడనైయు నేనీమాట చెప్పుచున్నాను. రుసుము లేని పదవికి వెల లేకపోలేదు. దానిని లెక్క చదువలేని రైతు చెల్లించెను.

కంపెనీవారు 1802 లో శాశ్వత శిస్తు నిర్ణయమును మద్రాసు రాజధానిలో 25 వ రెగ్యులేషనుగా చేసినపుడు, అదే సంవత్సరమున 29 వ రెగ్యులేషనుచే కరణపు పదవిని చట్టబద్ధము చేసిరి. జమీందారు వసూలుచేయునది న్యాయమో కాదో తెలియుటకు కరణపు లెక్కయే ఆధారమని వారి తలంపు. కాని శాశ్వత నిర్ణయమునకు ముందు భూములను గొలుసుపట్టి కొలిచినవారు లేరు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి పాదమున సర్క్యూటు కమిటీవారు ఉత్తర సర్కారులలో తిరిగి ప్రోగుచేసిన పాత వసూళ్ల లెక్కలే పునాదులైనవి. కొలువని భూమికి శాశ్వతమైన వెల కట్టిరన్నమాట. ఫలితముగా కొన్ని జమీలు తేలికగా బ్రతికెను. కొన్ని బాకీలు తీర్చలేక వేలమునకు వచ్చెను. మదింపునకు పెట్టవలసిన ఖర్చు నాడు మిగిలినది, దానికి వందరెట్లు పిదప పోయినది.

జమీలు కాని సర్కారు గ్రామములలో మరియొక వింత పద్ధతి నడచినది. దానిని విశబడి యనిరి. కలెక్టరు గ్రామమునకంతకును ఇంతమొత్తమని నిర్ణయించును. దానిని వీసములుగా పంచుకొనుట రైతుల పని. ఇందు అన్యాయము జరుగకుండ సవాలు అను ఉపాయముండెను. నా పొలముపై భారమెక్కువ, పొరుగువాని పొలముపై తక్కువ యని యొక రైతు తలచెననుకొనుడు. పొరుగువాని భూమికి ఇంత హెచ్చుశిస్తు నేనిత్తునని అతడు సవాలు చేయవచ్చును. పొరుగువాడు ఆ హెచ్చును ఒప్పుకొనవలెను, లేదా భూమిని వదలుకొనవలెను. ఎంత చమత్కారము! కౌటిల్యుని ముమ్మారు చాటింపే వేరొక వేషమున వచ్చినది. సర్కారునకు దమ్మిడీ ఖర్చులేక ప్రతి మడికిని వెల తేలినది. కాని ఆలోచింపుడు. సవాలు చేయగలవాడెవడు? చేతిలో రొక్కము, ఇంట ఎడ్లు, వెనుక బలగము కలవాడు. సవాలునకు జడియువాడెవడు? ఒంటికాపు, విధవరాలు, అప్పులపాలైనవాడు. మంచి మడిని బాగుచేసికొన్న పేదవాడు దాని బాగు బయటపడునేమోయని భయపడవలసివచ్చెను. మదింపుదారునకు కూలి లేకుండిన మదింపు ఉచితము కాదు, బలవంతుడే మదింపుదారు డగును.

ఆ దినములలో మన జిల్లా పడిన పాట్లు లెక్కలలోనే కనబడును. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821 లో 7,38,308 కాగా 1841 నాటికి 5,61,041 కి దిగినది. కరవులును తుపానులును దానికి కారణములు. తప్పు మదింపులును, ఏటేట మారు వసూళ్లును వానికి తోడైనవి. 1844 లో సర్ హెన్రీ మాంటుగోమరీ జిల్లా దురవస్థను పరిశీలించి ఇచ్చిన నివేదిక ఆనకట్టకు దారితీసినది. 1847 లో కాటనుదొర ధవళేశ్వరమున పని ప్రారంభించెను, 1852 నాటికి ముగిసెను. నిన్న పుట్టెడు గింజ రాని నేల నేడు మాగాణియైనది. అప్పటినుండి భూమివెలను నేల యొక్కటియే నిర్ణయింపదు, కాలువ నీరు నిర్ణయించును. తాతలనాటి లెక్కలు పనికిరాకపోయెను. కొత్త వెలకట్టువారు కావలసివచ్చిరి.

1858 లో మద్రాసు ప్రభుత్వము సర్వే సెటిల్మెంటు శాఖను నెలకొల్పెను. 1860 వ దశాబ్దమున ఆ శాఖవారు గోదావరి డెల్టాకు వచ్చిరి. వారు వెలకట్టిన తీరు నేటి మదింపుదారులును తెలియదగినది. ముందుగా పొలములను గొలుసులతో కొలిచి రాళ్లు పాతిరి. పిదప నేలలను రేగడ, ఎఱ్ఱనేల, ఇసుకనేల, ఒండ్రుపెట్టిన లంకనేల మొదలగు తెగలుగా విభజించిరి. ఒక్కొక్క తరగతి నేలలో పంట కోయించి, నూర్పించి, ఎకరమునకు ఎంత గింజ వచ్చునో చూచిరి. కరవు సంవత్సరములను విడిచి ఇరువదేండ్ల ధరల సగటుతో ఆ గింజకు రూపాయలు కట్టిరి. వర్తకుని లాభమునకును బండికూలికిని కొంత తీసిరి. సేద్యపు ఖర్చు తీసిరి. చెడుయేండ్లకై కొంత విడిచిరి. మిగిలిన నికరములో సగమునకు మించకుండ సర్కారు శిస్తు నిర్ణయించిరి. కాగితముపై చూచిన ఇంత నిదానమైన మదింపు మన దేశమున అంతకుముందు లేదనవచ్చును.

ఈ పనివారి జీతములు సర్కారు ఖజానానుండి వచ్చెను. ఖజానాలోనికి ఎచ్చటినుండి వచ్చెను? ఆ శిస్తునుండియే. గ్రామోద్యోగుల మాటయు అంతే. 1864 వ సంవత్సరపు 4 వ చట్టముచే కళ్లములో కొలుచు మేరలకు బదులు శిస్తుపై రూపాయికి అణాకు మించని గ్రామ సెస్సు వేయు అధికారము ఏర్పడెను. ఆ సొమ్మునుండి కరణమునకు నెలజీతము. 1895 వ సంవత్సరపు 3 వ చట్టము వంశపారంపర్యపు పదవుల క్రమమును నిర్ణయించెను. కరణీకము చేయదలచినవాడు సర్వే, లెక్కల పరీక్షలలో గట్టెక్కవలసిన నియమములు వచ్చెను. అర్హతకు పుట్టుక చాలక చదువును చేరినది. ఇది మంచిమార్పు. కాని మరియొక మార్పు దానివెంట నిశ్శబ్దముగా వచ్చినది. కళ్లములో మేర కొలిచిననాడు కరణమునకు కూలి పెట్టువాడు తానేయని రైతు ఎఱిగియుండెను. సెస్సు కట్టిననాడు అది శిస్తులో కలిసిపోయెను. కూలి రైతుదే, కొలువు సర్కారుది.

ఈ భేదము పూర్తిగా కనబడినది 1894 నాటి భూసేకరణ చట్టమున. కాలువకో రోడ్డుకో సర్కారు భూమి తీసికొన్నపుడు బజారువెలను చెల్లించి, బలవంతపు సేకరణకు ఓదార్పుగా దానిపై నూటికి పదునైదు చేర్చవలెనని ఆ చట్టము చెప్పెను. 1984 సవరణలో ఆ పదునైదు ముప్పదియైనది. బజారువెల తేల్చుటకు ముఖ్యసాక్ష్యము ఇరుగుపొరుగు భూముల క్రయపత్రములు. ఇచ్చట మన తప్పును దాచక చెప్పవలెను. స్టాంపు సుంకమును తగ్గించుకొనుటకై నాలుగువేల బేరమును రెండువేలని దస్తావేజులో వ్రాయించుట మన పల్లెల రహస్యము కాని రహస్యము. వ్రాయించిననాడు కొన్ని రూపాయలు మిగిలినవి. పదియేండ్లకు కాలువ త్రవ్వువారు వచ్చి ఆ దస్తావేజునే చూపి, ఇదిగో మీ యూరి వెల, మీరు చేవ్రాలు చేసినదే యనిరి. ఈ అలవాటును మాన్పుటకే 1971 లో మన రాష్ట్రమున స్టాంపు చట్టమునకు 47-ఎ అను ప్రకరణము చేరినది. 1975 లో దానికి నియమములు వచ్చెను. అప్పటినుండి రిజిస్ట్రారు కచేరీలో ప్రతి సర్వేనెంబరునకును ఒక వెల వ్రాసియుంచుట మొదలైనది. సర్కారువారి వెలకన్న తక్కువకు అమ్మితినన్నను సుంకము ఆ వెలకే.

ఇంతవరకు మనము చూచిన వెలకట్టువారు గ్రామోద్యోగులు, సర్కారు ఉద్యోగులు. స్వతంత్రముగా బల్లవేసికొని రుసుము పుచ్చుకొని వెలకట్టువాడు మన చట్టములలోనికి వచ్చినది సంపద పన్నుద్వారా. 1957 లో ఆ పన్ను వచ్చినది. ఇంటివెల ఇంతయని కట్టువాడును, కాదు అంతయని అధికారియు తగవులాడుచుండగా, 1972 సవరణలో నమోదైన మదింపుదారులు అను తెగను సృష్టించిరి. ఇంజనీరో వాస్తుశిల్పియో అయి, తగిన అనుభవముండి, రుసుము చెల్లించి దరఖాస్తు పెట్టినవానికి నమోదు లభించును. వాడు తన కక్షిదారులనుండి ఎంత పుచ్చుకొనవచ్చునో కూడ నియమములే చెప్పినవి. ఒక పట్టికప్రకారము ఆస్తివెలలో తొలి 5 లక్షలపై నూటికి అర రూపాయి, ఆపై మొత్తములకు క్రమముగా అంతకన్న తక్కువ. అనగా 5 లక్షల ఇంటికి 2,500 రూపాయలు. చూచితిరా! మేర మరల వచ్చినది. కళ్లములో రాశినుండి తీసిన భాగము వంటిదే ఈ శాతము. కాని భేద మొకటి కలదు. రాశి అందరి కంటియెదుట నుండెను. కరణము దానిని పెంచలేడు. మదింపుదారుడు కట్టు వెల వాని కలమునుండియే పుట్టును, ఆ వెలనుబట్టియే వాని కూలి.

ఇంతలో పాతవాని కథ ముగిసినది. 1984 జనవరి 6 న ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సుచే కరణము, మునసబు పదవులను రద్దుచేసెను. ఆనాడు నాకు ఇరువదియేండ్లు దాటినవి. మా నాన్నగారు అడంగలు పుస్తకములను, పటములను, ఇత్తడి ముడులుగల కొలతగొలుసును వరుసగా పేర్చి అప్పగించి, రసీదు పుచ్చుకొని వచ్చి, ఆ సాయంకాలము గోదావరిలో స్నానముచేసిరి. పుట్టుకతో వచ్చిన పదవి పోవుట న్యాయమేయని నేను నాడును తలచితిని, నేడును తలచుచున్నాను. కాని ఏ మడి ఎప్పుడు కోతకుగురైనదో, ఏ గట్టు ఎవరు జరిపిరో మనసులో నుంచుకొన్న ఆ జ్ఞానమును మాత్రము రసీదుపై అప్పగించు వీలు లేకపోయెను.

వెలకట్టువానికి అనుజ్ఞాపత్ర మేల కావలసివచ్చెనో తెలియుటకు ఇతరదేశముల వంక ఒకసారి చూతము. ఇంగ్లండున భూమాపకులును వెలకట్టువారును 1868 లోనే సంఘముగా ఏర్పడి, 1881 లో రాజశాసనము పొందిరి. వారు తమ గౌరవము తామే కాపాడుకొనదలచిరి. అమెరికాలో అట్లుకాదు. 1980 వ దశాబ్దమున అచ్చటి పొదుపు బ్యాంకులు వందలకొలది కూలిపోయెను. ఉబ్బించిన ఇండ్లవెలలను నమ్మి అప్పులిచ్చుట దానికి ఒక కారణము. 1989 లో చట్టముచేసి, బ్యాంకు అప్పులకై ఇండ్లకు వెలకట్టువారికి ప్రతి రాష్ట్రమును లైసెన్సు ఇయ్యవలెననిరి. రాష్ట్రపు రుసుము వేరు, జాతీయ పట్టికలో పేరుండుటకు ఏటేట చెల్లించు రుసుము వేరు, చదువునకును పరీక్షకును అయ్యెడి ఖర్చు వేరు. ఇక్కడ గమనింపవలసిన దేమన, లైసెన్సు పుట్టినది నష్టపోయినవాని కన్నీటినుండి. డిపాజిటుదారుని సొమ్ము కాపాడుటకు వెలకట్టువానిపై కట్టుబాటు వచ్చినది.

మనదేశమున కొత్త కట్టుబాటు 2013 కంపెనీల చట్టపు 247 వ ప్రకరణమునుండి మొలకెత్తి, 2017 అక్టోబరున నియమములుగా వెలువడినది. భూమి కట్టడములు ఒక తెగ, యంత్రములు ఒక తెగ, వాటాలు మొదలగు ఆర్థికాస్తులు ఒక తెగ. నమోదు చేయు అధికారము దివాలా వ్యవహారముల కేంద్రమండలికి ఇచ్చిరి. పాతవారికి 2019 జనవరి 31 వరకు గడువిచ్చిరి. ఒక్క వ్యక్తి నమోదునకు పెట్టు దరఖాస్తుకు తిరిగి యియ్యని రుసుము 5,000 రూపాయలని, సంస్థకు 10,000 రూపాయలని ఆ నియమములు నిర్ణయించెను. సంపద పన్ను 2015 నాటి ఆర్థిక చట్టముతో ముగిసిపోయినది. ఈ కొత్త తెగ మాత్రము నిలిచినది.

అయిదువేలు పెద్దసొమ్మా యని మీరడుగవచ్చును. కాదు. కాని అది గడపలో పెట్టు కాలు మాత్రమే. భూమి కట్టడముల తెగకు ఇంజనీరింగో వాస్తుశిల్పమో నగరయోజనయో చదివి, అయిదేండ్లు పనిచేసియుండవలెను. మదింపుదారుల సంస్థలో సభ్యుడు కావలెను. దానికి చందా. యాబది గంటల పాఠము వినవలెను. దానికి రుసుము. పరీక్ష వ్రాయవలెను. దానికి రుసుము. ప్యాసైన పిదపను చదువు కొనసాగించుచుండవలెను. పట్టణమున కచేరీ, బండి, గుమాస్తా. ఇవన్నియు కలిసి వాని కూలిలోనికి ఎక్కును. నేనిది తప్పని చెప్పను. వైద్యునకును న్యాయవాదికిని చదువు కావలసినట్లే వెలకట్టువానికిని కావలయును. ఆ నియమములలోనే మెచ్చదగిన ప్రవర్తనావళి యొకటి కలదు. ఫలితమునుబట్టి పెరుగు రుసుము పుచ్చుకొనరాదు, కక్షిదారునకు అనుకూలముగా వెల అమర్చి యియ్యరాదు, వ్రాతపూర్వకమైన ఒడంబడికలో చెప్పిన రుసుముకన్న వేరేమియు తీసికొనరాదు. శాతపు మేరలోని దోషమును శాస్త్రకారులు గుర్తించిరన్నమాట. అమ్మరాదు, తాకట్టు పెట్టరాదను కౌటిల్యుని కట్టడికి ఇది మనుమరాలు.

అయినను ఈ కట్టుబాటంతయు ఎవరిని కాపాడుచున్నది? కంపెనీ వాటాదారుని, అప్పిచ్చిన బ్యాంకును, దివాలా తీసినవాని ఋణదాతలను. ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తెచ్చుకొను సామాన్యుడు మదింపు రుసుమును తాను చెల్లించును, మదింపుదారుని ఎన్నుకొనునది బ్యాంకు. నదియొడ్డున భూమి కోల్పోవు రైతుమాట యేమి? వాడు రుసుము చెల్లింపడు. కావున వానికి మదింపుదారుడే లేడు.

ఇది ఊహ కాదు. 2015 లో మా పట్టిసీమవద్ద ఎత్తిపోతల పథకము కట్టిరి. పంపులు గోదావరి నీటిని తోడి పోలవరము కుడికాలువలో పోయగా, ఆ సంవత్సరమే సెప్టెంబరున ఆ నీరు కృష్ణను చేరినది. పోలవరము ఆనకట్టకును కాలువలకును భూములిచ్చిన పల్లెలు మా చుట్టును కలవు. 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన కొత్త భూసేకరణ చట్టము పాతదానికన్న ఉదారమైనది. రిజిస్ట్రారు పుస్తకపు వెల, చుట్టుపట్ల మూడేండ్ల క్రయములలో హెచ్చువైన సగమువాని సగటు, ఈ రెండింటిలో ఏది యెక్కువో దానిని గైకొని, పల్లెలలో ఒకటి మొదలు రెండింతలవరకు హెచ్చవేసి, దానికి సమానముగ ఓదార్పుసొమ్ము చేర్చవలెనని అది చెప్పును. చెట్లకును ఇండ్లకును నూతులకును వెలకట్టుటకు నిపుణులను కలెక్టరు పిలువవచ్చును. ఆ నిపుణుని ఖర్చు రైతుపై పడదు. మంచిదే. కాని ఆ నిపుణుడు ఎవరి పిలుపున వచ్చెనో వారికే తన కాగితము సమర్పించును.

బడి విడిచిన పిమ్మట, పరిహారపు కాగితములు చదివి చెప్పుమని నాయొద్దకు రైతులు వచ్చుచుండిరి. ఒక ముసలాయన తన తోటలోని కొబ్బరిచెట్ల లెక్కను వ్రేళ్లమీద నాకు చెప్పెను. కాగితములో సంఖ్య సరిగానే యున్నది. బాబూ, చెట్లు సరే, వాని వయస్సు వ్రాసినారా యని ఆయన అడిగెను. వ్రాసియుండలేదు. కాపునకు వచ్చిన చెట్టునకును రాని చెట్టునకును వెల యొక్కటి కాదని ఏ మదింపుశాస్త్రమైనను చెప్పును. ఆక్షేపణ వ్రాసి యిమ్మనిన, ఏ చెట్టు ఎన్నియేండ్లదో నిరూపించు నిపుణుని నివేదిక కావలయును. పట్టణమునుండి వానిని పిలిపించు ఖర్చు ఎంతయని ఆయన అడిగి, విని, కాగితమును మడిచి కండువాలో కట్టుకొని, నాకు నమస్కరించి వెళ్లిపోయెను. ఆయనకు మిగిలినది ఉచితమైన మదింపు.

శ్రోతలారా! చరిత్ర మనకు చెప్పునది ఇంతే. కౌటిల్యుని నలువది కుటుంబముల చాటింపులో రుసుము లేదు, కాని అందరి నోరును వినబడెను. విశబడి సవాలులో రుసుము లేదు, బలవంతుని నోరొక్కటియే వినబడెను. కరణపు మేరలో రుసుము కంటికి కనబడెను. సెస్సులో అది మరుగుపడెను. నేటి లైసెన్సులో అది మరల లెక్కకు వచ్చినది. వెలకట్టువానిని చదివించుటకును, పరీక్షించుటకును, కట్టుబాటులో నుంచుటకును అయ్యెడి ఖర్చు వ్యర్థము కాదు. దానిని తప్పించుకొన్న ప్రతికాలమునను ఎవరో ఒక బడుగు దానిని వడ్డీతో చెల్లించెను. కాని ఆ ఖర్చు పెట్టగలవానికి మాత్రమే మదింపుదారుడు దొరకుట సగము న్యాయము.

1987 లో చేసిన న్యాయసేవల చట్టమువలన పేదవానికి సర్కారు ఖర్చుపై న్యాయవాది లభించుచున్నాడు. భూమి కోల్పోవు రైతునకు అదేరీతిని ప్రజాధనముతో ఒక అర్హుడైన మదింపుదారుని, వాని ఎన్నిక రైతు చేతిలో నుంచి, ఏర్పరుపరాదా? ఒక్కొక్క సేకరణలో యంత్రములకును సిమెంటునకును పోయెడి కోట్లలో ఇది గోరంత. వెలకట్టువాని రుసుమును లెక్కపెట్టుచున్నవారు, ఆ రుసుము ఇయ్యలేనివాని నష్టమునుకూడ ఒక పద్దుగా వ్రాయుట నేర్చిన నాడు మన భూమిలెక్క సరిపోవును.

గోదావరి లంకలను ఏ గొలుసును స్థిరముగా కొలువలేదు. కాని లంకపై నిలిచి దున్నిన మనుష్యుడు స్థిరముగా ఉన్నాడు. వాని మాటను వినుటకు మదింపుదారుని వాని గట్టుమీదికి ఒక్కసారియైన నడిపింపవలెనని కోరి విరమించుచున్నాను.